దేవుడికో కుర్చీ

డాక్టర్ అనంతరామయ్యగారి చేతిలో కుదుటపడ్డ మనుషుల సంగతి అటుంచండి. కుదుటపడ్డ దేవుళ్ళే ఢిల్లీ మొత్తం మీద డజనుకు తక్కువుండరు. లాజ్‌పత్ నగర్‌లో ఒక అమ్మవారు ఆయనతో రాజీకి వచ్చి పథ్యం సడలించింది. కన్నాట్ ప్లేసు హనుమంతుడు ఆయన మాట మన్నించి ఒక గుమాస్తా చేత రోజూ చేయిస్తున్న ప్రదక్షిణాలు సగానికి తగ్గించాడు.

ఈ మాటలన్నీ మాణిక్యానివి. జనగామ నుంచి లా చదవడానికి ఢిల్లీ వచ్చిన మాణిక్యం, రెండో ఏడు వచ్చేసరికి ఆ చదువు తన తెలివికి చాలదని తేల్చి కాలేజీ మానేశాడు. కరోల్ బాగ్‌లో మేడమీద గది ఒకటి అద్దెకు పట్టి, కింద టీకొట్టులో ప్రాక్టీసు పెట్టాడు. అతను చెప్పేదాంట్లో సగం తీసేస్తే, మిగిలిన సగంలో సగం నిజమని తెలుగు కుర్రాళ్ళంతా ఒక లెక్క వేసుకున్నారు. డాక్టరుగారి విషయంలో మాత్రం ఆ లెక్క చెల్లేది కాదు. ఆయన దగ్గర నిజమే కోతలా ఉండేది.

ఆ నిజం ఏమిటంటే, సర్కారీ ఆసుపత్రి వరండా చివర, మనసు జబ్బులు చూసే ఆయన గదిలో మూడు కుర్చీలు ఉండేవి. ఒకటి ఆయనది. ఒకటి రోగిది. మూడోది రోగి దేవుడిది.

రోగి లోపలికి రాగానే "కూర్చోండి" అనేవారు. అతను కూర్చున్నాక, "మీతో వచ్చినవారిని కూడా కూర్చోమనండి" అనేవారు.

"నాతో ఎవరూ రాలేదు డాక్టర్ సాబ్."

"ఏ గుడికి వెళ్తారు?"

"హనుమాన్ మందిర్."

"అయితే వచ్చే ఉంటాడు. ఇదిగో, ఇటు కూర్చోమనండి. తోక జాగ్రత్త, వెనక టేబుల్ ఫ్యానుంది."

ఇదంతా తెనాలి యాసలో ముంచి తీసిన హిందీలో జరిగేది. రోగి ముందు బిత్తరపోయేవాడు, తర్వాత ఖాళీ కుర్చీ వంక చూసేవాడు. ఇంకాసేపటికి, నెలల తరబడి ఇంట్లో వాళ్ళకైనా చెప్పని మాట ఆ కుర్చీ ముందు చెప్పేవాడు.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే ఆయన నాస్తికుడు. మామూలు నాస్తికుడు కాదు, తెనాలి నాస్తికుడు. దీపావళినాడు కూడా డ్యూటీ అడిగి వేయించుకునేంత నాస్తికుడు. దేవుడు లేడని టీకొట్టు దగ్గర గంటసేపు వాదించి, గదిలోకి వచ్చి, ఆ లేని దేవుడి కుర్చీ జేబురుమాలుతో తుడిచేవారు.

ఇది చూసి తట్టుకోలేనిది సిస్టర్ మార్త. ఆవిడది బాపట్ల. ఆ వార్డులో పదిహేనేళ్ళ నర్సు. ప్రతి ఆదివారం చర్చిలో డాక్టరుగారి ఆత్మ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసేది.

"దేవుడు లేడంటారు, మళ్ళీ ఆయనకి కుర్చీ వేస్తారు. ఏంటండీ ఇది డాక్టరుగారూ?"

"నాకు లేడు సిస్టర్. ఆ వచ్చినాయనకి ఉన్నాడు. జబ్బెవరికి?"

"ఆయనకి."

"మరి ఎవరి చుట్టాన్ని పిలిపించాలి? నా చుట్టాన్నా, ఆయన చుట్టాన్నా?"

"మా ప్రభువు అంతటా ఉన్నాడండీ. ఆయనకి కుర్చీలు అక్కర్లేదు."

"అంతటా ఉన్నవాడు మరీ కాళ్ళు నొప్పులు పుట్టేలా నిలబడటం దేనికమ్మా? కూర్చోమను."

విభాగానికి పెద్ద డాక్టరు ఒక పంజాబీ. ఇంగ్లండులో చదివొచ్చిన మనిషి. ఒకరోజు విసురుగా లోపలికి వచ్చి మూడో కుర్చీలో కూలబడ్డాడు.

"ఉఠియే సర్," అన్నారు అనంతరామయ్యగారు, రాస్తున్న చీటీ నుంచి తల ఎత్తకుండా. "వహా మాతాజీ బైఠీ హై."

పెద్ద డాక్టరు ఎగిరి లేచాడు. కుర్చీకి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. పెట్టాక కోపం తెచ్చుకున్నాడు. కానీ ఒకసారి పెట్టిన నమస్కారం వెనక్కి తీసుకునే ఉపాయం ఇంగ్లండులో కూడా నేర్పరు కదా, వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

ఆరోజు ఆ మాతాజీని వెంటబెట్టుకొచ్చింది లాజ్‌పత్ నగర్ ఆంటీ. అమ్మవారి ప్రసాదం తప్ప నోట ఏదీ పెట్టనని మొక్కుకుంది. అందుకని నిద్రమాత్రలు కూడా మానేసి మూడు వారాలుగా కన్ను మూయలేదు. కొడుకులు బతిమాలారు, కోడళ్ళు తిట్టారు. డాక్టరుగారు ఆవిణ్ణి వదిలి కుర్చీ వైపు తిరిగారు.

"మాతాజీ, మీ మొక్కు మీదే. నేను కాదనను. కానీ ఈ మాత్ర ముందు మీ ముందు పెడితే, తర్వాత ప్రసాదంగా ఈవిడ వేసుకోవచ్చా?"

ఆంటీ కుర్చీ వంకే చూసి చాలాసేపు ఆలోచించింది. "పెట్టొచ్చు. కానీ డాక్టర్ సాబ్, మాతకి నిద్రొచ్చేస్తే?"

"మంచిదేగా. మూడు వారాలుగా మీతోపాటు ఆవిడా మేలుకునే ఉంది."

ఆంటీ ఆ రాత్రి నిద్రపోయింది. అమ్మవారు పథ్యం సడలించిన కథ ఇదే.

అందరికీ కుర్చీ పనికిరాదని కూడా ఆయనకు తెలుసు. దర్యాగంజ్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కుర్చీ చూసి, "తౌబా! మా పైవాణ్ణి అలా కూర్చోబెట్టకూడదు జనాబ్," అన్నాడు. డాక్టరుగారు వెంటనే లేచి క్షమాపణ చెప్పి కుర్చీ బయట పెట్టించారు. ఆ పెద్దమనిషి రంజాన్ ఉపవాసాల్లో మందు మానేసి ప్రతి ఏడూ జబ్బు తిరగబెట్టుకుంటున్నాడు. మర్నాడు డాక్టరుగారే ఆయన మసీదుకు వెళ్ళి ఇమామ్ సాహెబును వెంటబెట్టుకొచ్చారు. "రోగికి ఉపవాసం నుంచి సెలవు ఇచ్చింది పైవాడే. ఆ సెలవు వద్దనడానికి నువ్వెవరివి?" అని ఇమామ్‌గారు చీవాట్లు పెట్టాక, డాక్టర్లు నాలుగేళ్ళుగా వేయించలేని మాత్ర ఆయన బుద్ధిగా వేసుకున్నాడు.

ఇవన్నీ టీకొట్టులో చెప్పి నవ్వించడమే మాణిక్యం పని. ఎనభై మూడులో ఆ పని కాస్త ఆగింది. నవ్వలేని సంగతి సొంత గదిలోకే వచ్చింది.

గదిలో అతనితో ఉండేది దశరథ్. భువనగిరి వాడు, ఐ.ఎ.ఎస్. పరీక్షకు చదువుతున్నాడు. వయసు ప్రకారం జూన్‌లో రాసేదే ఆఖరిసారి. మాణిక్యం చదవని చదువు కూడా అతనే చదివేవాడు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, గోడకున్న యాదగిరి నర్సింహస్వామి పటం ముందు కూర్చుని అష్టోత్తరం, అంటే స్వామివారి నూట ఎనిమిది పేర్లు, చదివి, ఆ తర్వాతే పుస్తకం ముట్టేవాడు. మంచి అలవాటే. కానీ ఆ చలికాలంలో ఎక్కడో ఒకరోజు, మధ్యలో మనసు పక్కకు పోయింది. ఒక పేరు వదిలేశానేమోనని అనుమానం వచ్చింది. మళ్ళీ మొదటినుంచి చదివాడు. మర్నాడు రెండుసార్లు మొదటికి వచ్చాడు. మార్చి నాటికి పూజ మధ్యాహ్నం దాకా సాగింది. మే వచ్చేసరికి పొద్దుగూకినా అయ్యేది కాదు. మొదటికి వచ్చినప్పుడల్లా మళ్ళీ స్నానం. నీళ్ళ కోసం ఇంటి యజమానురాలితో రోజూ తగువు. పుస్తకాల మీద దుమ్ము. సాష్టాంగాలు పెట్టి పెట్టి నుదురు బొప్పి కట్టింది.

"ఒక్కపారి తప్పు పోతే ఏమైతదిరా?" అని అడిగాడు మాణిక్యం.

"నీకు తెల్వదన్నా. ఉగ్రస్వామి. మా ఇంటిమీదికి వస్తది."

మాణిక్యం ఆ పూట టీకొట్టులో కూడా ఆగలేదు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుగారి ముందు నిలబడ్డాడు.

"తీసుకురావయ్యా అతన్ని."

"రాడు సార్. పూజ అయినంక వస్తనంటడు. ఆ పూజనే అయితలేదు. పరీక్ష ఇంక నెల కూడ లేదు."

"ఏ దేవుడు?"

"యాదగిరి నర్సింహస్వామి."

డాక్టరుగారు లేచారు. మూడో కుర్చీ ఎత్తి చంకన పెట్టుకున్నారు. "పద."

సిస్టర్ మార్త గుమ్మంలో అడ్డం నిలబడింది. "కుర్చీ ఎక్కడికండీ?"

"రోగి ఇంటికి."

"వాళ్ళింట్లో కుర్చీ ఉండదా?"

"మా రూముల కుర్చీ లేదు సిస్టర్," అన్నాడు మాణిక్యం. "ట్రంకుపెట్టె ఉన్నది."

"విన్నావా సిస్టర్? వచ్చేది సింహం. ట్రంకుపెట్టె మీద కూర్చోబెడితే మర్యాదగా ఉంటుందా?"

డాక్టరుగారి స్కూటరు వెనక మాణిక్యం, మాణిక్యం నెత్తిమీద తిరగేసిన కుర్చీ, నాలుగు కాళ్ళూ ఆకాశం వైపు. పంచ్‌కుయాఁ రోడ్డు మలుపులో ట్రాఫిక్ పోలీసు ఆపాడు.

"యే క్యా హై?"

"భగవాన్ కీ కుర్సీ," అన్నాడు మాణిక్యం.

"ఔర్ భగవాన్ కహా హై?"

"అడ్రసు చెప్పాం, నేరుగా అక్కడికే వస్తారు," అన్నారు డాక్టరుగారు.

పోలీసు చెయ్యెత్తి దారిచ్చాడు. మాణిక్యం చెప్పే కథలో మాత్రం, ఆ పోలీసు సెల్యూట్ కొట్టి, కుర్చీ వెళ్ళేదాకా ఒక మంత్రిగారి కారును ఎండలో నిలబెట్టాడు.

గదిలో దశరథ్ తడి పంచెతో పటం ముందు కూర్చుని ఉన్నాడు. వీళ్ళను చూసి, మాట్లాడొద్దని చెయ్యెత్తాడు. కానీ గుమ్మంలోంచి ఒక కుర్చీ నడిచి వస్తుంటే మనసు ఎవరిదైనా నిలుస్తుందా? చదువుతున్నది ఆగిపోయింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోయింది సార్. మళ్ళ మొదటికెల్లి చదవాలె."

డాక్టరుగారు కుర్చీని పటం కింద వేసి, రుమాలుతో తుడిచి, "కూర్చోండి స్వామీ," అన్నారు. తర్వాత చెప్పులు విడిచి దశరథ్ పక్కన నేలమీద చతికిలబడ్డారు.

"నాయనా, తెలియక అడుగుతాను. మీ స్వామి స్తంభం చీల్చుకుని వచ్చాడు కదా. ఎవరి మీద కోపంతో?"

"హిరణ్యకశిపుని మీద."

"పక్కనే ఒక పిల్లవాడున్నాడు. వాడినేం చేశాడు?"

"ఒళ్ళె కూసోబెట్టుకున్నడు."

"కూర్చోబెట్టుకునే ముందు వాడి చేత అష్టోత్తరం అప్పజెప్పించుకున్నాడా? ఒక పేరు తప్పితే మళ్ళీ మొదటినుంచి చదవరా అన్నాడా?"

దశరథ్ పటం వంక చూశాడు.

"స్వామి వచ్చినప్పుడు ఆ చోట ఇద్దరే ఉన్నారు. నువ్వు ఆ తండ్రివా, ఆ పిల్లవాడివా?"

దశరథ్ తల దించుకున్నాడు. డాక్టరుగారు తొందరపెట్టలేదు. కాసేపటికి మళ్ళీ అడిగారు.

"మీ ఇంట్లో పూజ అయ్యాక ఏం చేస్తారు?"

"లెంపలేసుకుంటం."

"ఎందుకు?"

"తెలిసీ తెల్వక చేసిన తప్పులు మన్నించుమని."

"అంటే తప్పులుంటాయని మన పెద్దలకి ముందే తెలుసన్నమాట. తప్పే లేకుండా చదివే మొనగాడు పుట్టలేదనే కదయ్యా ఆ ఏర్పాటు! నువ్వేమో ఉన్న తప్పులన్నీ నువ్వే ఏరి పారేస్తున్నావు. మన్నించడం అని ఆయనకొక పని ఉంది. అది కూడా ఊడబెరికావు."

దశరథ్ పెదవి చివర ఏదో కదిలింది. అంతలోనే ఆగిపోయింది. "అదంత చిన్న తప్పులకు సార్. నావి పెద్దయి."

"పెద్ద తప్పులంటే ఎలా ఉంటాయో నీకు తెలియదు. చూపిస్తాను."

అప్పుడు మొదలుపెట్టారు డాక్టర్ అనంతరామయ్యగారు నర్సింహస్వామి అష్టోత్తరం. పేర్లు వరస తప్పాయి. కొన్ని రెండుసార్లు వచ్చాయి, కొన్ని అసలు రాలేదు. నడుమ పరమశివుడు నాలుగుసార్లు తొంగి చూశాడు. వినాయకుడు ఎక్కడినుంచో వచ్చి ఇరుక్కున్నాడు. ఒకచోట "ఓం" అని ఆగి, పేరు గుర్తురాక, కుర్చీ వంక చూసి, "తమరికే నమః" అనేసి ముందుకు పోయారు.

దశరథ్ ముందు చెవులు మూసుకున్నాడు. తర్వాత "సార్, అట్ల కాదు," అన్నాడు. తర్వాత "అయ్యో, ఆ పేరు శివునిది సార్!" అని మోకాళ్ళమీద లేచాడు. "తమరికే నమః" దగ్గరికి వచ్చేసరికి అతని నోట్లోంచి ఒక నవ్వు తన్నుకొచ్చింది. ఆ గదిలో చలికాలం తర్వాత అదే మొదటి నవ్వు.

డాక్టరుగారు ఎలాగో చివరికి చేరుకుని, రెండు లెంపలూ గట్టిగా వేసుకుని, "స్వామీ, నాకు ఇంతే వచ్చింది," అన్నారు. అని దశరథ్ వైపు తిరిగారు.

"ఇల్లు కూలిందా?"

"లేదు సార్."

"స్వామి లేచి వెళ్ళిపోయాడా?"

దశరథ్ కుర్చీని చాలాసేపు చూశాడు. "లేదు. కూసున్నడు."

"ఏం చేస్తున్నాడు?"

"నవ్వుతున్నడు సార్."

మాణిక్యం కథలో జబ్బు ఆ సాయంత్రమే ఢిల్లీ దాటి పారిపోయింది. జరిగింది అలా కాదు. డాక్టరుగారు మాత్రలు రాశారు, ప్రతి ఆదివారం వచ్చారు, ఒక పద్ధతి పెట్టారు. అష్టోత్తరం ఒక్కసారే. తప్పు పోతే పోనీ, ముందుకే. చివర లెంపలు, వెంటనే గడప దాటి బయటికి. మొదటి వారం దశరథ్ మెట్ల దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చాడు. గుమ్మంలో మాణిక్యం కాళ్ళు బారజాపి కాపలా కూర్చున్నాడు. రెండో వారం ఇంకో తమాషా జరిగింది. అష్టోత్తరం ఒక్కసారే చదివాడు కానీ, లెంపలు వేసుకోవడం ఆపలేదు. సరిగ్గా పడ్డాయో లేదోనని అనుమానం. బుగ్గలు టమాటాలయ్యాయి.

డాక్టరుగారు చూశారు. "ఒకసారే. స్వామికి చెవుడు లేదు."

పరీక్షనాడు పొద్దున ఇద్దరూ బస్‌స్టాపులో నిలబడ్డారు. బస్సు మలుపు తిరిగి కనబడేసరికి దశరథ్ ముఖం పాలిపోయింది.

"అన్నా, నడుమల ఒక పేరు ఇడిసిపెట్టినట్టున్న."

"ఇడిసిపెట్టినవా?"

"తెల్వదు. ఒక్కపారి రూముకు పోయొస్త. ఒక్కటే పారి."

ఒక్కసారి గదికి వెళ్తే ఆ రోజు మళ్ళీ బయటికి రాడని ఇద్దరికీ తెలుసు. మాణిక్యానికి చెయ్యి పట్టి లాగాలనిపించింది. కానీ లాగి ఎక్కించొద్దని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు, ఎక్కితే తనంతట తనే ఎక్కాలని. జేబుల్లో చేతులు పెట్టుకుని, జీవితంలో ఎన్నడూ లేనంత బుద్ధిగా నోరు మూసుకున్నాడు.

బస్సు ఆగింది. జనం ఎక్కారు. కండక్టరు "చలో, చలో భయ్యా" అని రేకు బాదాడు. దశరథ్ కళ్ళు మూసుకుని, ఒక్కసారి, రెండు లెంపలూ వేసుకున్నాడు.

"స్వామీ, ఇంతే వచ్చింది," అని కదులుతున్న బస్సు ఎక్కేశాడు.

పరీక్ష రాశాడు. ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగకుండా, రాసినందుకే స్వామికి పూజ చేయించుకుంటానన్నాడు దశరథ్. ఢిల్లీలో తెలుగువాళ్ళ ఇళ్ళకు సైకిలు మీద తిరిగి పూజలు చేయించే రామమూర్తిగారిని మాణిక్యం మాట్లాడి పెట్టాడు. డాక్టరుగారూ వచ్చారు. వచ్చి, పూజలో మాత్రం కూర్చోనని మెట్లమీదే ఆగిపోయి, అందరి చెప్పులకూ కాపలా ఉంటానన్నారు. సిస్టర్ మార్త కేకు తెచ్చి, ప్రసాదం పక్కన పెట్టొచ్చా అని అడిగి మరీ పెట్టింది.

సంచి భుజాన వేసుకుని మెట్లెక్కుతున్న రామమూర్తిగారు సగంలో ఆగిపోయారు. "ఒరే అనంతం! నువ్వేనట్రా?"

"నేనే. పైకి వెళ్ళు, నీకోసం చూస్తున్నారు."

రామమూర్తిగారు గదిలోకి వచ్చి కూర్చున్నాక కూడా తేరుకోలేదు. "ఆ మెట్లమీద కూర్చున్నవాణ్ణి ఎక్కడ పట్టారయ్యా? వాళ్ళ నాన్నగారి దగ్గరే మేమంతా చదువుకున్నాం. ఆయన సంగతి మీకు తెలియదు. ఒక్క పేరు తడబడితే మొదటినుంచి చదివించేవారు. మమ్మల్ని కాస్త చూసీ చూడనట్టు వదిలేవారు, కన్నకొడుకుని వదిలేవారు కాదు. పొద్దున కూర్చున్నవాడు దీపాల వేళకి లేచేవాడు. అందుకే వాడికి రాని స్తోత్రం లేదు, నిద్రలో లేపి చదవమన్నా పొల్లుపోదు. ఒకరోజు మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ దేవుడి ముందూ కూర్చోలేదు."

"ఈ రూముల కూసున్నడు," అన్నాడు దశరథ్ మెల్లగా. "నా పక్కన."

మాణిక్యం అప్పటికే గుమ్మం దాటాడు. ఒక్కొక్క అంగకు రెండేసి మెట్లు దూకుతూ కిందికి వెళ్ళాడు. డాక్టరుగారు చెప్పులను జతలు జతలుగా గోడ వారన సర్దుతున్నారు.

"సార్! మొత్తం తెలిసిపోయింది సార్! మీకు అన్నీ నోటికొస్తయంట! అంటే ఆనాడు ఆ తప్పులు, ఒక్కటి కాదు, వంద తప్పులు, మావాని కోసం కావాలని చేసిన్రు! ఇంత పెద్ద పండితుడై ఉండి, వానితోటి నవ్వించుకున్నరు! లోకంల ఏ డాక్టరన్న చేస్తడా సార్? ఇగ సూడుండ్రి, కరోల్ బాగ్ మొత్తం చెప్త!"

డాక్టరుగారు సిస్టర్ మార్త చెప్పుల జత సరిచేసి, నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డారు.

"అన్నీ కావాలని చేసినవి కాదయ్యా. సగం నిజంగానే మర్చిపోయాను."